మృతులకు తీర్చవలసిన ఋణము

మానవుడు పుట్టుకతోడనే మూడు ఋణములను వెంటదెచ్చుకొనుననియు, దేవతలకును ఋషులకును పితరులకును వానిని తీర్చుకొనుటయే అతని జీవితధర్మమనియు మన పెద్దలు చెప్పిరి. చరిత్రను వస్తువుగా గైకొని నవల వ్రాయబూనిన వానికి ఈ మూడింటికి తోడు మఱొక ఋణము సంక్రమించుననియు, ఎవరి బ్రతుకులను ఎవరి చావులను అతడు తన పుటలలోనికి దెచ్చుకొనుచున్నాడో ఆ మృతులకు సత్యరూపమున చెల్లింపవలసిన ఋణమే అది యనియు నేను నమ్ముచున్నాను. పాఠకుని మనసు రంజింపజేయుట నవలాకారుని పనియే. దానిని కాదనువారెవరును లేరు. అయినను తమ పక్షమున ఒక్క మాటయైన చెప్పుకొనజాలని వారి కథను చెప్పునపుడు, ఆ రంజనకై సత్యమును ఎంతవఱకు వంపవచ్చును, వారనని మాటలను వారి నోట ఎంతవఱకు పెట్టవచ్చును అను ప్రశ్నను దాటిపోవుటకు అతనికి అధికారము లేదు. ఫ్రెంచి రచయిత లోరాన్ బినే 2010లో ప్రకటించిన తొలి నవల ఈ ప్రశ్ననే తన ప్రాణముగ చేసికొన్నది.

ఆ నవల పేరు 'హెచ్ హెచ్ హెచ్ హెచ్'. హిమ్లరు మెదడునకు హైడ్రిచ్ అని పేరు అను అర్థమిచ్చు నాలుగు జర్మను పదముల తొలి యక్షరములే అవి. ప్రచురితమైన యేటనే అది తొలి నవలల కిచ్చు గోన్కూర్ పురస్కారమును పొందెను. రెండవ ప్రపంచసంగ్రామకాలమున, నాజీల యేలుబడిక్రింద నలుగుచుండిన చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరమున, 1942 మే 27వ తేదీని, యోజెఫ్ గాబ్చిక్, యాన్ కుబిష్ అను ఇరువురు యువకులు రైన్‌హార్డ్ హైడ్రిచ్‌ను వధించుటకు పూనుకొన్న ఉదంతము దాని యితివృత్తము. ఈ యుదంతమును గూర్చి పూర్వమే కృతులు పుట్టినవి. 1943లో జర్మను రచయిత హైన్రిచ్ మన్ ఒక నవల వ్రాసెను, ఆ యేటనే ఫ్రిట్జ్ లాంగ్ అమెరికాలో ఒక చలనచిత్రము తీసెను. యుద్ధము ముగియకముందే, జరిగినదేమో లోకమునకు తేటపడకముందే వెలువడిన ఆ కృతులకు కల్పనమే శరణ్యమయ్యెను. బినే వ్రాయునాటికి పత్రములు వెలికివచ్చినవి, సాక్ష్యములు ముద్రితములైనవి. కావున కల్పించుట ఆయనకు అవసరమును కాదు, న్యాయమును కాదు. న్యాయము కాదను ఈ రెండవ మాటను ఆయన మనసార గుర్తించుటయే ఆ గ్రంథముపట్ల నాకు గౌరవము కలిగించిన గుణము.

హైడ్రిచ్ ఎవరో నేటి యువపాఠకులకు చెప్పవలసియున్నది. 1904లో హాలే పట్టణమున సంగీతజ్ఞుల యింట జన్మించి, నౌకాదళమున అధికారియై, 1931లో అచ్చటినుండి తొలగింపబడి, నాజీ నాయకుడైన హిమ్లరు కొలువున చేరి, నాజీల గూఢచారవ్యవస్థను తన చేతులతో నిర్మించినవాడు అతడు. సైన్యము వెనువెంట తూర్పుసీమలకు నడచి, ఊరూర యూదులను ప్రోగుచేసి, గోతుల యంచున నిలువబెట్టి కాల్చిచంపిన హంతకదళములు అతని యధికారమునకు లోబడియుండెను. 1942 జనవరి 20న బెర్లిన్ పొలిమేరయందలి వాన్‌సీ సరస్సు తీరమున ఒక భవనములో 15 మంది అధికారులు కూడి, యూరపుఖండపు యూదులను సమూలముగ నాశనమొనర్చు కార్యమును శాఖలవారిగ సమన్వయించుకొన్నపుడు ఆ సభకు అధ్యక్షుడు అతడే. అంతకు నాలుగు నెలలు ముందు, 1941 సెప్టెంబరు చివర, అతడు బొహీమియా మొరావియా సీమల పాలకుడుగ ప్రాగ్ నగరమునకు వచ్చి, సైనికశాసనము ప్రకటించి, కొలది వారములలో వందలకొలది జనులను మరణశిక్షలకు గుఱిచేసి, ఆయుధకర్మాగారములందలి శ్రామికులకు మాత్రము ఆహారపు కేటాయింపులు పెంచి, భయము చేతను ఆశ చేతను ఒక జాతి వెన్నెముకను వంచవచ్చునని లోకమునకు చూపజూచెను.

ఆ జాతి అప్పటికే ఒకమాఱు మిత్రులచేతనే వంచింపబడియుండెను. 1938 సెప్టెంబరున మ్యూనిక్ నగరమున బ్రిటను, ఫ్రాన్సు దేశములు చెక్ ప్రజల సమ్మతి నడుగకయే వారి సరిహద్దు ప్రాంతములను హిట్లరున కప్పగించెను. 1939 మార్చి 15న జర్మను సేనలు ప్రాగ్ ప్రవేశించెను. లండనులో ప్రవాసప్రభుత్వమును నడుపుచుండిన అధ్యక్షుడు బెనెష్, తన ప్రజలు లొంగిపోలేదని మిత్రరాజ్యములకు ఋజువు చూపనిదే మ్యూనిక్ ఒడంబడికను రద్దుచేయించుట దుర్ఘటమని యెఱిగినవాడు. ఆ ఋజువుగ నిలుచుటకు ఎన్నుకొనబడినవారే గాబ్చిక్, కుబిష్‌లు. ఒకడు స్లోవాకుడు, ఒకడు మొరావియావాడు. ఇరువురును ముప్పది యేండ్లు నిండనివారు. 1941 డిసెంబరు 28వ తేది రాత్రి ఇంగ్లండునుండి బయలుదేరిన హాలిఫాక్స్ విమానము వారిని మంచు కప్పిన పొలములమీద విడిచెను. దిగవలసినది పిల్సెన్ ప్రాంతమున. దిగినది ప్రాగ్‌కు తూర్పుననున్న నెహ్విజ్దీ గ్రామము చెంత. గాబ్చిక్ పాదమునకు గాయమయ్యెను. ఎఱిగినవాడొకడును లేని చోట, మడమల వఱకు మంచులో, శత్రుసేనల నడుమ నిలిచిన ఆ యిరువురును అటుపిమ్మట అయిదు నెలలు ఎట్లు జీవించిరి? ఈ ప్రశ్నకు సమాధానమే ఆ చరిత్రయందలి ముఖ్యభాగమని నా యభిప్రాయము. తఱుచుగ కథకులు త్వరత్వరగ దాటిపోవు భాగమును అదియే.

ఆనాడు ఆహారము కార్డులమీద కొలచి యిచ్చెడివారు. అదనముగ ఒక నోటికి రొట్టె పెట్టుట యనగా ఇంటిల్లిపాది తమ వంతులోనుండి కొంత తీసియిచ్చుట. నమోదుకాని మనుష్యునకు ఒక్కరాత్రి పడుకజూపుట యనగా కుటుంబమంతయు మరణమునకు సంతకము చేయుట. ఇట్టి కాలమున, ప్రాగ్ నగరపు జిజ్కోవ్ పేటలో రైల్వే యుద్యోగి భార్యయైన మారీ మొరావ్‌త్సోవా ఆ యువకులకు తలుపు తెఱచినది. వారు ఆమెను పిన్నియని పిలుచుకొనెడివారు. ఆమె కుమారుడు ఆతా వారికి తోడుగ తిరిగెడివాడు. యాన్ జెలెంకా యను ఉపాధ్యాయుడు ఒక యింటినుండి మఱొక యింటికి వారిని మార్చు భారమును వహించెను. ప్రాగ్ కోటలో పనిచేయు వడ్రంగి హైడ్రిచ్ రాకపోకల వేళలను కనిపెట్టి చెప్పెను. వీరెవరును సైనికులు కారు, రహస్యశిక్షణ పొందినవారు కారు. పట్టువడినచో జరుగునది యేమో తెలియనివారును కారు. తెలిసియే చేసిరి, దినదినమును చేసిరి. ఒక క్షణమున ఆయుధమెత్తు శౌర్యమును కవులు పొగడుదురు. అయిదు నెలల పర్యంతము ప్రతియుదయము లేచి, వాకిటి తలుపు చప్పుడైనప్పుడెల్ల గుండె దిటవు చేసికొని, అతిథికి గిన్నెడు సూపు కాచియిచ్చిన గృహిణి శౌర్యము అంతకంటె ఏ కొలతను తక్కువది?

మే 27వ తేది ఉదయము పదిన్నర దాటిన వేళ, లిబెన్ ప్రాంతమున కారు వేగము తగ్గింపక తప్పని వంపుచెంత, పైకప్పు తీసిన మెర్సిడెస్ కారులో హైడ్రిచ్ వచ్చెను. గాబ్చిక్ ఎదుట నిలిచి స్టెన్ తుపాకి యెత్తెను, అది పేలలేదు. హైడ్రిచ్ తప్పించుకొని పోక, కారు నాపించి, తానే పిస్తోలు దీసి లేచెను. ఆ క్షణమున కుబిష్ విసరిన బాంబు వెనుక చక్రముచెంత పేలి, లోహపుముక్కలతోడను సీటులోని కూరుడుతోడను అతని దేహమును చీల్చెను. బులోవ్కా ఆసుపత్రిలో ఎనిమిది దినములు పడియుండి, గాయములు విషపూరితములై, జూన్ 4న అతడు మరణించెను. ఇరువురు యువకులును ఆనాటికి తప్పించుకొనిరి. కుబిష్ విడిచిపోయిన రక్తసిక్తమైన సైకిలును వీధిలోనుండి తీసికొనిపోయి దాచినది పదునాలుగేండ్ల బాలిక, యిందృష్కా నొవాకోవా. ఒక కోటి క్రౌనుల బహుమానము ప్రకటితమైనను, ఆ సంగతి యెఱిగిన వీధివాసులును, ఆశ్రయమిచ్చిన గృహములును వారములతరబడి నోరు మెదపలేదు. ఆ బాలికయు ఆమె కుటుంబమును ఆ మౌనమునకు మౌత్‌హౌజెన్ శిబిరమున ప్రాణములతో మూల్యము చెల్లించిరి.

కడకు రహస్యము వెల్లడించినవాడు లండనునుండియే దిగిన మఱొక సైనికుడు, కారెల్ చుర్దా. అతడిచ్చిన సమాచారముతో జూన్ 17 వేకువన నాజీ రహస్యపోలీసులైన గెస్టపో భటులు మారీ మొరావ్‌త్సోవా కుటుంబము నివసించు గృహమునకు వచ్చినపుడు ఆ తల్లి విషము మ్రింగి తన నోటిని శాశ్వతముగ మూసికొన్నది. ఆమె కుమారుని ఒక దినమంతయు హింసించి, సైనికులు దాగిన చోటు చర్చి యని తెలిసికొనిరి. జూన్ 18న, రెస్లోవా వీధిలోని సిరిల్, మెథోడియస్ సాధువుల దేవాలయమును ఇంచుమించు 700 మంది నాజీ భటులు ముట్టడించిరి, లోపలనున్నవారు గాబ్చిక్, కుబిష్‌లతో కలిసి 7గురు. ముగ్గురు పైయంతస్తునుండి గంటలతరబడి పోరిరి. నలుగురు నేలమాళిగలోనుండి పోరిరి. వీధివైపునున్న చిన్న గవాక్షముగుండ అగ్నిమాపకదళముచేత నీటిని పంపించినను, బాష్పవాయువు విడిచినను వారు లొంగలేదు. కడపటి తూటాలను తమకొఱకు దాచుకొనిరి. ఆశ్రయమిచ్చిన పూజారులను కాపాడవలెనని ఆ సంఘపు బిషప్పు గోరాజ్ద్ సమస్త బాధ్యతయు తనదేయని అధికారులకు లేఖలు వ్రాసెను. సెప్టెంబరు 4న ఆయనను కాల్చిచంపిరి, పూజారులును దక్కలేదు. అక్టోబరు 24న మౌత్‌హౌజెన్ శిబిరమున, ఆశ్రయదాతలను వారి బంధువులను 250 మందికి పైగ ఒక్కదినముననే వధించిరి.

వీరిని మించిన నిరపరాధులును కలరు. లిదిత్సే గ్రామమునకు ఈ వధతో ఎట్టి సంబంధమును లేదు. ఎవరో వ్రాసిన ఒక లేఖను ఆధారముగ చేసికొని రేగిన అనుమానమే దానికి శాపమయ్యెను. జూన్ 10న ఆ గ్రామపు పురుషులను 173 మందిని హోరాక్ కుటుంబపు క్షేత్రగృహము గోడచెంత కాల్చివేసి, స్త్రీలను రావెన్స్‌బ్రూక్ శిబిరమునకు తరలించి, ఇండ్లను తగులబెట్టి, శ్మశానమును సైతము త్రవ్వి, నేలమట్టము చేసిరి. శిశువులలో 82 మంది ఖెల్మ్‌నో వధ్యస్థానమున విషవాయువునకు బలియైరి. రెండు వారములలో లెజాకి యను చిన్న పల్లెకును అదే గతి పట్టెను.

ఇచ్చట విజ్ఞులైన కొందఱు ఒక యభ్యంతరమును తెత్తురు. ఒక్క దుష్టుని చంపుటకు ఇందఱి ప్రాణములు వ్యయము చేయుట తగునా, ఆ యువకులు బాంబు విసరకున్నచో లిదిత్సే నిలిచియుండెడిది కాదా అని వారి ప్రశ్న. ఇది తేలికగ త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆనాడు ప్రాగ్‌లోని రహస్యోద్యమనాయకులే ప్రతీకారమును ముందుగ ఊహించి, ఈ యత్నమును మానిపింపుడని లండనునకు రేడియో సందేశము పంపిరి. వారి భయము నిజమైనది, వారి వేదన గౌరవార్హమైనది. కాని ఫలములను ముందుగ తూచుట వేఱు, పాపమును పంచుట వేఱు. లిదిత్సే గోడచెంత తుపాకి పట్టినవాడు, పట్టుమని యాజ్ఞాపించినవాడు, ఆ యాజ్ఞను శాసనముగ వ్రాసినవాడు, వీరికి పేరులు కలవు. ఆ పాపమంతయు వారిదే. హంతకుడు తన హత్యలకు కారణమును ఎదిరించినవానిపై మోపుట అనాదిగ నిరంకుశులు వాడుచున్న ఉపాయము. దానిని నేడు మనము వినయముగ ఒప్పుకొనుట వారి న్యాయస్థానమునకు మనలను మనమే సాక్షులుగ సమర్పించుకొనుట యగును. హైడ్రిచ్ బ్రతికియున్నంతకాలము మాత్రము నెత్తురు చిందలేదా? వాన్‌సీ సభ ముగిసిన కొలది వారములలోనే, 1942 మార్చిలో, బెల్జెత్స్ వధ్యశిబిరము పని ప్రారంభించెను. ఎదిరింపనివారును చచ్చుచుండిరి. ఎదిరించుటవలన చెక్ జాతికి కలిగిన ఫలమును స్వల్పము కాదు: ఆ యేటి ఆగస్టు 5న బ్రిటిషు ప్రభుత్వము మ్యూనిక్ ఒడంబడికకు తాను ఇక కట్టుబడనని ప్రకటించెను.

అయినను లిదిత్సేను చెప్పక వధను మాత్రమే చెప్పు నవల వంచన. వధను చెప్పక లిదిత్సేను మాత్రమే చెప్పు నవల నిస్సహాయతాబోధ. రెండింటిని ఒకే గ్రంథమున, ఒకదాని భారమును మఱొకదానిచే తేలికపఱుపక నిలుపగల రచయితయే ఋణము తీర్చిన రచయిత. బినే యత్నించినది ఇదియే. ఆయన తన కథను చిన్న చిన్న అధ్యాయములుగ విభజించి, తానే నడుమ నిలిచి, తాను చదివిన పత్రములను, తాను చూచిన స్థలములను, తన సందేహములను పాఠకుని యెదుట పఱచును. ఒకచోట హిమ్లరు ముఖము ఎఱ్ఱబడెనని వ్రాసి, ఆ సంగతి తనకెట్లు తెలియునను ప్రశ్నను పిమ్మట గ్రంథముననే ఎదుర్కొనును. హైడ్రిచ్ ఎక్కిన కారు నల్లనిదో ఆకుపచ్చనిదో తేల్చుకొనజాలక పలుమాఱులు తర్కించును. తెలియనిదానిని తెలియదని చెప్పి, ఊహించినదానిని ఊహయని చాటి, ఆ గుఱుతు చెఱిపివేయక ముందునకు సాగును.

మాటిమాటికి కర్త తెరముందునకు వచ్చినచో రసభంగము కాదా యని మన సాహిత్యవేత్తలు ప్రశ్నింతురు. కల్పన లేనిది నవలయే కాదని వాదించువారును కలరు. మన తెలుగునాట చారిత్రక నవలకు గొప్ప సంప్రదాయమున్నది. అడవి బాపిరాజు 'గోన గన్నారెడ్డి'యందును, నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి'యందును కాకతీయయుగమును పునఃసృష్టించిరి. ఏడువందల యేండ్లకు పూర్వపు సంగతులకు శాసనములు కొన్ని పేరులను, కొన్ని దానములను, కొన్ని తేదీలను మాత్రమే మిగిల్చినవి. ఆ పేరుల నడుమనున్న విశాలమైన శూన్యమును ప్రతిభతో నింపుట అచ్చట రచయిత చేయు సేవయే, ద్రోహము కాదు. ప్రాగ్ విషయము అట్టిది కాదు. ఇచ్చట శూన్యము లేదు. మృతుల పేరులున్నవి, వారి చిత్రపటములున్నవి, వారు నివసించిన ఇండ్ల వీధులున్నవి, వారి సంతతివారును నేటికిని కలరు. చర్చి గోడపై తూటాల గుఱుతులు నేటికిని చెఱగలేదు. ఇంత నిండుగనున్న సత్యముపై కట్టుకథను కప్పుట యనగా ఉన్న మనుష్యుని త్రోసివేసి లేని మనుష్యుని అతని స్థానమున కూర్చుండబెట్టుటయే. కల్పితమైన ఒక ప్రేయసి కన్నీటికి పుట నిచ్చినచో, మౌత్‌హౌజెన్‌లో నిజముగ మరణించిన అన్నా మాలినోవాకు ఆ పుట దక్కదు. గాబ్చిక్‌ను ప్రేమించిన స్త్రీ ఆమె. కావున ఇట్టి కథలయందు సందేహమును దాచక చెప్పుటవలన రసభంగము కలుగదు. పైగ జరిగినదియే ఇదియన్న నిశ్చయమువలన వీరమును కరుణయు రెండును రెట్టింపగును.

ఇంత మెచ్చికొన్నను, ఈ గ్రంథముతో నాకొక పేచీ కలదు. దాని పేరు హంతకుని పేరు; దాని పూర్వభాగమున చాల పుటలు హంతకుని జీవితమునకే వ్యయమైనవి. దుష్టుని తెలివితేటలను, వాని యుద్యోగోన్నతులను, వాని వయొలిను వాద్యమును చదువుచుండగ పాఠకునకు తెలియకయే ఒక విధమైన ఆకర్షణ పుట్టును; ఇది నాజీలను గూర్చిన సాహిత్యమంతటను ప్రాకియున్న దోషము. దుష్టునకు లోకము నిండుగ పత్రములు మిగులును, ఏలయన పత్రములు వ్రాయు యంత్రాంగము వాని చేతనే యుండెను. ఆశ్రయమిచ్చిన గృహిణికి మిగులునది శిబిరపు దస్తరములో ఒక పంక్తి. పత్రములున్నంత పొడవున కథను నడుపు రచయిత ఈ యన్యాయమును తనకు తెలియకయే కొనసాగించును. ఆ యాశ్రయదాతలను గూర్చి బినే వ్రాసిన పుటలు ప్రేమతోడను కృతజ్ఞతతోడను నిండినవే; అయినను అవి చాలవు. తులాభారమున ఆ వైపు తట్ట ఇంకను దిగవలసియుండెను.

ప్రతిఘటనోద్యమములను గూర్చి ఏ దేశమున ఎవరు నవల వ్రాసినను, దానిని తూచుటకు నేను పట్టుకొను కొలత ఇదియే: గురిచూచి కొట్టినవానికిచ్చిన స్థానమును వానికి అన్నము పెట్టినదానికిని ఇచ్చెనా, ప్రతీకారపు పాపమును అది చేసినవానిమీదనే నిలిపెనా, తాను కల్పించినదానిని కల్పన యని చెప్పు నిజాయితీ చూపెనా? శైలి, శిల్పము, వర్ణన వీని పిమ్మటి సంగతులు. తెలుగు పాఠకులు ఈ కొలతను చేతబట్టవలెననియు, చారిత్రక నవలలకు పీఠికలు వ్రాయు పండితులును బహుమతులిచ్చు సంస్థలును దీనిని అడుగవలెననియు నా మనవి. జరిగినదానికి రంగులద్దనిదే రసము పుట్టదని యింకను వాదించువారు, తన యీడు బాలికలు బడికి పోవుచుండగ వీధిలోని నెత్తుటి సైకిలును చేతబట్టి నడిపించుకొనిపోయిన యిందృష్కా నొవాకోవా చేసినదానికంటె ఉన్నతమైన కార్యమును ఒకదానిని ముందుగ కల్పించి చూపుదురు గాక. చూపజాలనిచో, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటయే వారి ప్రతిభకు తగిన పరీక్షయని ఒప్పుకొందురు గాక.